మొదటి చుక్క

కోడలు ల్యాబు నుంచి ఏ కొత్త క్రీము తెచ్చినా మొదటి చుక్క అత్తగారి మోచేతి మడతకే. కోడలు క్రీములు, సీరమ్‌లు తయారుచేసే కెమిస్టు. అత్తగారు రిటైరైన పాటల టీచరు. తన చేతికి దురద పుట్టకపోతేనే ఆ క్రీము లోకం మొహం చూస్తుందని ఆవిడ వీధంతా చెప్పుకునేది. కోడలు కాదనేది కాదు.

ఆ ఉదయం అత్తగారు పాలకోసం ఫ్రిజ్ తెరిస్తే కొత్త సీరమ్ సీసా లేదు. కోడలు దాన్ని ఆఫీసు సంచిలో సర్దుకుంటోంది.

"ఎదురింటావిడకి ఇచ్చావు. నాకు మాత్రం దాస్తావా?"

అడుగుతూనే ఆవిడ చెయ్యి చెంపమీదికి వెళ్ళింది. కిందటేడు అక్కడినుంచి క్యాన్సర్ గడ్డ తీశారు. మచ్చ పడినప్పటినుంచి ఆవిడ గడప దాటలేదు. ఈ ఆదివారం పాత బడిలో పిల్లలచేత పాడించాలి. ఈలోగా మచ్చ కాస్తయినా తగ్గాలని ఆవిడ ఆశ. కొడుకు పేపరు చాటున నక్కాడు.

"అది మీకొద్దు అత్తయ్యా."

"అవున్లే! ఊరందరికీ అందం పంచుతావు, ఇంట్లో ముసలిదానికి మాత్రం చెయ్యి రాదు."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇందులో ఉన్న పెప్టైడ్ అనే పదార్థం కణాలకి పెరగమని చెప్తుంది. మామూలు చర్మానికి మేలే. మీ చెంపలో గడ్డ తాలూకు కణం ఒక్కటి మిగిలున్నా, దానికీ అదే మాట చెప్తే? అలా జరుగుతుందని ఎవరూ రుజువు చెయ్యలేదు. జరగదనీ చెయ్యలేదు. మీమీద నేను పరీక్ష పెట్టను."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"గడ్డ మాటెత్తితే మీరు అన్నం మానేస్తారు. గడ్డ తీయించుకున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడొద్దని పెట్టెమీద రాయాలని ఆఫీసులో పోట్లాడుతున్నా. అమ్మకాలు పడిపోతాయన్నారు. మా ఇంట్లో ఓ చెంప ఉంది, దాన్ని తలుచుకుని అమ్మలేనన్నా."

"ఏమన్నారు?"

"నిన్న ఒప్పుకున్నారు."

తన ఒక్క చెంపకోసం ఈ పిల్ల అంతమందికి ఎదురు నిలబడిందా అని గర్వపడుతూ అత్తగారు కొంగుతో కోడలి కళ్ళు తుడిచింది.

కోడలు సంచిలోంచి వేరే ట్యూబు తీసింది. "ఇది ఎండ తగలకుండా కాపాడేది. మీ డాక్టరుగారిని అడిగే తెచ్చా."

ఆవిడ అలవాటుగా జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

"చేతికి కాదు అత్తయ్యా."

ఇన్నాళ్ళుగా ఆ మచ్చని కన్నకొడుకునైనా ముట్టుకోనివ్వలేదు. మళ్ళీ చెంపమీదికి వెళ్ళిన చేతిని ఆవిడ మెల్లగా దించేసింది.

"రాయవే తల్లీ. ఆదివారం ఎండలో నడిచి వెళ్ళాలి."