తువ్వాళ్ళు ఈదిన క్వారీ

గేటు ఆరోజు కూడా తెరుచుకోలేదు. ఎర్రదీపం కింద స్క్రీన్ మీద అదే మాట: "లోపల ఎనభై మంది ఉన్నారు. చోటు లేదు."

నాగేంద్రమ్మ గేటు సందులోంచి తొంగి చూసింది. నీళ్ళలో పురుగు కూడా లేదు.

అది 2058 మే నెల. రెంటచింతలలో యాభై ఒక్క డిగ్రీల ఎండ. చెరువులు ఎండిపోయి, ఈతకొలనులు మూతపడి, ఊరికి మిగిలినవి పాత నాపరాతి క్వారీలే. తవ్వకం ఆగిపోయాక వాటిలో చల్లటి నీళ్ళు నిలిచాయి. ఎక్కడ నీళ్ళు శుభ్రంగా ఉన్నాయో, ఎక్కడ చోటుందో తెలియక జనం ఎండలో పడి తిరుగుతుంటే, శాస్త్రవేత్త భరద్వాజ 'చలవకన్ను' కనిపెట్టాడు. నీటి చల్లదనం, లోతు, శుభ్రత సెన్సర్లు చూస్తాయి. మనుషుల్ని గట్టు మీది కెమెరా లెక్కపెడుతుంది. చోటుంటే ఫోన్‌లో పచ్చదీపం వెలిగి గేటు దానంతటదే తెరుచుకుంటుంది. అంతా బాగానే ఉంది గానీ, బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునే జాతి మనదని ఆ మహానుభావుడికి ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున్నే ఇంటికొకరు వచ్చి గట్టున తువ్వాలు పరిచి వెళ్ళిపోయారు. కెమెరా తువ్వాలుకొక మనిషి చొప్పున లెక్కేస్తోంది. తువ్వాలు వేసినవాళ్ళే వచ్చినా గేటు తెరుచుకోదు, తువ్వాళ్ళు తీసే దారీ లేదు. ఎవరి తువ్వాలు వాళ్ళకే అడ్డం!

నాగేంద్రమ్మది సరదా కాదు. ముప్పై ఏళ్ళు ఇదే క్వారీలో రాయి మోసి మోకాళ్ళు అరగదీసుకుంది. ఈత మానేస్తే మంచం పడతావని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె నీళ్ళలో దిగి అప్పటికి పద్దెనిమిది రోజులైంది.

గేటు సంగతేంటో చూడ్డానికి వచ్చిన భరద్వాజను జీపు దిగీ దిగగానే నిలదీసింది.

"ఏం నాయనా, ఆ తువ్వాళ్ళకి గూడా మోకాళ్ళ నొప్పులా?"

"మిషన్ తప్పేం లేదమ్మా. జనమే..."

"జనం మారతారా ఎక్కడన్నా? నీ కన్నే మార్చు."

నిజమే అనిపించిందాయనకి. రెండు రోజులు కూర్చుని ప్రోగ్రామ్ దిద్దాడు. ఇకమీదట బట్టను మనిషి కింద లెక్కపెట్టదు.

మూడోరోజు గేటు తెరుచుకుంది. అందరికంటే ముందు నాగేంద్రమ్మ మెట్లు పట్టుకుని దిగింది. ఎండకి కొంగు తలమీద కప్పుకుని వెల్లకిలా తేలింది. చీర నీళ్ళమీద పరుచుకుంది. బిగుసుకుపోయిన మోకాళ్ళు మెల్లగా వంగాయి. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆమె వెనకే ఈతదుస్తుల్లో జనం దూకారు. కాపలా కోటయ్య తలలు లెక్కపెడితే ఎనభై ఒకటి. స్క్రీన్ మాత్రం ఎనభై అంటోంది. ఎనభై తలల చుట్టూ పచ్చని సున్నాలు. నాగేంద్రమ్మ చుట్టూ ఏమీ లేదు.

"పిన్నీ, స్క్రీన్ మీద నువ్వు లేవు. బయటికి రావాలి."

"నీ కళ్ళెదురుగా ఉన్నాగదరా!"

"నాకు కనబడితే ఏం లాభం? దానికి కనబడాల."

భరద్వాజ పరుగున వచ్చి స్క్రీన్ చూసి తల పట్టుకున్నాడు.

"మిమ్మల్ని తువ్వాలు అనుకుందమ్మా. రెండు రోజులు ఓపిక పడితే దిద్దేస్తాను. ఈలోగా పైకి రండి."

నాగేంద్రమ్మ కదల్లేదు. కొంగు కిందనుంచే అంది:

"నేను లేనని నీ మిషనే చెబుతా ఉంది గదయ్యా. లేనిదాన్ని పైకెట్టా రమ్మంటావు?"

కాళ్ళతో నీళ్ళు టపటపా కొట్టుకుంటూ అవతలి గట్టుకేసి సాగిపోయింది.