పదకొండో పేజీ

అమలాపురం ఆసుపత్రిలో కీమో ఎక్కించే గదికి కిటికీ ఒక్కటే. దాని పక్క కుర్చీ నాది. దవడకి వచ్చిన పుండు డెబ్బై మూడేళ్ళ వయసులో నన్ను మూడు వారాలకోసారి అక్కడ కూర్చోబెడుతోంది. నా కుడి పక్క కుర్చీ అంతర్వేది కాంతమ్మది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. రొమ్ము క్యాన్సర్. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"మీ చుట్ట మీ దవడ తినేసింది బాబాయిగారూ. నేనేం కాల్చేనండి?" అనేది.

"నువ్వు జనం బుర్రలు తిన్నావు" అనేవాణ్ణి.

పోయిన వేసవిలో ఆ ఆసుపత్రివాళ్ళు తమ నాలుగు ఊళ్ళ ఆసుపత్రుల్లోనూ ఒక కొత్త మందు వాడి చూడటం మొదలుపెట్టారు. కాంతమ్మ చేరతానంది. ఆవిడకి చదువు రాదు. అలాంటివాళ్ళ దగ్గర బయటి మనిషి ఒకరు ఒప్పుకోలు కాగితాలు చదివి వినిపించి, సాక్షి సంతకం పెట్టాలట.

"తాతగారూ, మీరు చదవగలరాండి?" అని ఆ కాగితాలు చూసే స్టీఫెన్ అడిగాడు.

"చదవకేం" అన్నాను.

నలభై దాటాక, పగలు కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసి, రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు నావి. ఆ కాగితం పద్దెనిమిది పేజీలు. రెండు పేజీలు పైకి చదివాను. మూడో పేజీలో ఒత్తులూ వైద్యం మాటలూ గొంతుకి అడ్డం పడ్డాయి. రాదని చెప్పడానికి మనసొప్పలేదు. పెదాలు కదుపుతూ తక్కిన పేజీలు తిప్పేశాను.

"అంతా మంచే రాశారమ్మా. వేలిముద్ర వెయ్యి."

స్టీఫెన్ మళ్ళీ వివరంగా చెప్పబోతే ఆవిడే ఆపింది. "బాబాయిగారు చదివేరు కదండీ, చాలు."

నాలుగో డోసుకి ఆవిడ నోరంతా పూసిపోయింది. మంచినీళ్ళు కూడా దిగేవి కావు.

"ఇంక మానెయ్యాలనుందండి బాబాయిగారూ. మానొచ్చని ఆ కాగితంలో ఉందాండి?"

తెలీదు అనాల్సింది.

"వేలిముద్ర వేశాక వెనక్కి తగ్గడమేంటి?" అన్నాను.

"ఆయ్" అంది. సరేనని ఐదో డోసు ఎక్కించుకుంది. వారం తిరక్కుండా పోయింది.

తర్వాత స్టీఫెన్ని అడిగి ఆ కాగితం ప్రతి ఒకటి తెచ్చుకున్నాను. కూడబలుక్కుని చదవడానికి నాలుగు రోజులు పట్టింది. పదకొండో పేజీలో ఉంది. 'మీరు ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే, ఇందులోంచి మానుకోవచ్చు. మీ వైద్యానికి లోటు రాదు.'

ఎవరికీ చెప్పలేదు.

మొన్న వాయుగుండం పట్టిన రోజు ఆ గదిలో నేనొక్కణ్ణే. మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టే వేళలా మూసుకొచ్చింది. కరెంటు పోయింది. జనరేటరు సంగతి చూసొస్తానని నర్సు ఝాన్సీ కిందికి వెళ్ళింది. డెట్టాల్ వాసన. కిటికీ రెక్క మీద వాన. దాని మధ్యలో సన్నగా... చుక్క, చుక్క. నా సెలైన్ స్టాండుదే అనుకున్నాను.

కాదు. ఆ చప్పుడు కుడి పక్కనుంచి వస్తోంది.

డెట్టాల్ వాసన పోయింది. ఎండుచేపల వాసన...

"బాబాయిగారూ..."

కిటికీ వైపే చూస్తూ ఉండిపోయాను.

"మిగతాది చదవండి."

"చదివేను కదమ్మా" అన్నాను. అప్పుడు కూడా అబద్ధమే ఆడాను.

కుర్చీ రెగ్జిన్ కిర్రుమంది. ఎవరో నా వైపు వంగినట్టు... చెవి దగ్గర చల్లగా ఊపిరి.

"చదవండి."

"చదవలేదమ్మా... నాకు రాలేదు. రాదని చెప్పలేకపోయాను."

చుక్క పడటం ఆగింది. పదకొండో పేజీ నాకు కంఠస్థం. చెప్పాను. ఒక్క అక్షరం విడిచిపెట్టకుండా చెప్పాను.

గుసగుసగా అంది. "అయితే మానేస్తానండి. ఈ సూది తీసెయ్యండి."

కుడి చెయ్యి చాపాను. ముంజెయ్యి తగిలింది. ఎముక మీద చల్లటి తోలు. ప్లాస్టరు కొస వెతికి, ఊడదీసి, సూది లాగాను.

"ఆయ్" అంది.

లైట్లు వచ్చాయి. పక్క కుర్చీ ఖాళీ.

ఝాన్సీ గుమ్మంలోంచి నా గుప్పిట చూసి గబగబా వచ్చింది. "సూది పీకేసుకున్నారేంటండి తాతగారూ?" అంటూ నా ఎడమ చెయ్యి పట్టుకుంది. నా సూది నా చేతికే ఉంది. మందు పడుతూనే ఉంది.

కుడి గుప్పిట తెరిచాను. నెత్తురుతో తడిసిన సూది. దానికి అంటుకున్న ప్లాస్టరు.

సూది పెట్టినప్పుడల్లా ప్లాస్టరు మీద పెన్నుతో తేదీ వెయ్యడం వాళ్ళకి అలవాటు. ఝాన్సీ దాన్ని వెలుతురుకి పట్టి చూసింది.

"రాత నాదేనండి" అంది మెల్లగా. "ఈ వేళ్టి తేదీయే. కానీ ఈ వేళ మీకు తప్ప నేనెవరికీ..."

నా అరచేతిలో నెత్తురు ఇంకా వెచ్చగా ఉంది.