గుమ్మం దగ్గర చెప్పిన మాట

కామేశ్వరి మణికట్టు మీది ఊపిరిపట్టీ, గాలి సరిగ్గా అందుతోందన్నట్టు, పచ్చగా వెలిగింది. సువర్చల దాన్ని ఒకసారి తట్టి చూసి, "ఇప్పుడు చెప్పక్కా" అంది.

"వస్తాను!" అని గుడారం అదిరేలా అరిచింది కామేశ్వరి.

"అంత అరవక్కర్లేదే బాబూ. గుమ్మానికి చెవుడు లేదు. నేనూ వస్తాను."

మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ కొండల్లో ఊపిరికాపరిగా చేరినప్పటి నుంచీ సువర్చలకు ప్రతి ఉదయం ఇదే పని. పట్టీలు చూడాలి, మాట తీసుకోవాలి, జట్టును గుమ్మం దాకా నడిపించాలి. గుడారం దగ్గర అన్న మాట పైనున్న గుమ్మానికి వినబడుతుంది; ఎవరి మాట వాళ్ళ మాతృభాషలోనే ఉండాలని నియమం. వస్తానన్నవాళ్ళంతా ఎదుట నిలబడితేనే గుమ్మం తెరుచుకుంటుంది. రానన్నవాళ్ళను జన్మలో మళ్ళీ ఇంత ఎత్తుకు రానివ్వదు. అవతల ఉన్నది భూమ్మీద మిగిలిన చివరి మంచుమైదానం కాబట్టి ఆ మాత్రం బెట్టు చెయ్యడం దానికి చెల్లింది.

కాపరులకు లోపలికి వెళ్ళే వంతు ఉండదు. ఎన్ని జట్లను గుమ్మం దాకా దిగబెట్టినా సువర్చల అవతల ఒక్క అడుగు పెట్టలేదు. ఈసారి నర్సాపురం నుంచి వచ్చిన అక్కాబావలు తమ వంతులో ఆమె పేరు కూడా రాయించారు. ఆ సంబరంలో ఆమె పొద్దున్నే బూట్లు కుడిఎడమలుగా తొడుక్కుంది.

బావ భుజంగం పట్టీ మాత్రం ఎర్రబడింది. ఇన్ని రోజుల నడకలో లేని తలనొప్పి నిన్న సాయంత్రం పట్టుకుంది. ఇప్పుడు నిలబడితే తూలుతున్నాడు.

"నా గురక విని జడుసుకున్నట్టుంది ఇది. ఇంకోసారి చూడమ్మా" అన్నాడు.

"ఎన్నిసార్లు చూసినా అంతేనండీ బావగారూ. మీరు దిగిపోవాలి. నోరు మెదపకుండా డోలీ ఎక్కండి. ఏమీ అననివాళ్ళకి ఆరోగ్యం కుదుటపడ్డాక మళ్ళీ వంతిస్తారు."

ఆయన మొహం చూడలేకపోయింది. జీవితమంతా ఐసు ఫ్యాక్టరీలో చేపలకు ఐసు కొట్టిన మనిషి. కరెంటు లేకుండా తనంతట తాను గడ్డకట్టిన మంచును ఒక్కసారి చేత్తో ముట్టుకోవాలని ఆయన కోరిక.

రెక్కల డోలీ గుడారం ముందు వాలింది. భుజంగం ఎక్కి కూర్చుని బెల్టు బిగించుకున్నాడు. డోలీ లేస్తుండగా చెయ్యెత్తి, "సరే, వస్తాను మరి. జాగ్రత్త!" అన్నాడు.

"అలాగేనండీ" అంది కామేశ్వరి. అక్కాచెల్లెళ్ళిద్దరూ చేతులూపారు. ఆ మాటలో తప్పేముందో ఇద్దరికీ తట్టలేదు.

తరువాత నడక! రాళ్ళు జారుతున్నాయి, గాలి అందడం లేదు, అయినా కామేశ్వరి కాళ్ళకు రెక్కలొచ్చాయి. మొగుణ్ణి కిందికి పంపి తాను పైకి పోతున్నందుకు ఆమెకు కాస్త సిగ్గుగా ఉంది, బోలెడంత సంతోషంగానూ ఉంది. సువర్చలైతే కాపరినన్న సంగతే మరిచి అక్కతో పందెం వేసుకుని నడిచింది.

రెండు బండల మధ్య గుమ్మం కనబడింది. తలుపుల సందులోంచి చల్లగాలి, సన్నటి తెల్లటి వెలుగు. సువర్చల మునివేళ్ళ మీద లేచి అందులోకి తొంగిచూసింది.

"వస్తానన్నవారు ముగ్గురు. వచ్చినవారు ఇద్దరు. భుజంగం గారు రావాలి" అంది గుమ్మం.

సువర్చల నెత్తి కొట్టుకుంది. "అయ్యో రామా! అది వెళ్ళేటప్పుడు అనే మాట. మేం వెళ్తూ వస్తామనే అంటాం!"

"వెళ్ళేవారు వస్తాననడం నా భాషాకోశంలో లేదు. ఆయన రావాలి, లేదా రానని చెప్పాలి. ఎండ ఈ బండ దాటితే మీ వంతు ముగుస్తుంది."

సువర్చల రేడియో కలిపి భుజంగానికి సంగతి చెప్పింది. "నా నోటికి తాళం పడా!" అన్నాడు ఆయన. "పోన్లెండి, ఒక్క మాటే కదా. చెప్పేస్తాను. నా వాటా మంచు కూడా మీరే ముట్టుకోండి."

కామేశ్వరి పైటచెంగు కోసం తడుముకుని, అది లేక, చేతితొడుగుతోనే కళ్ళు తుడుచుకుంది. సువర్చల ఆ సందులోకే చూస్తోంది. ఆ తెలుపు కావాలి ఆమెకు. ఎంతగానో కావాలి.

"రా..." అన్నాడు భుజంగం.

ఆ మాట పూర్తి కాకముందే సువర్చల రేడియో కట్టేసింది.

"అక్కా, కోపమా?"

"కోపమెందుకే? ఆయనకి జన్మలో దక్కకుండా చేసి నేను మంచు చూసొస్తే, ఇంటికెళ్ళాక రోజూ ఆయన మొహమేగా చూడాలి!"

సువర్చల గుమ్మానికి ఎదురుగా నిలబడి, "వస్తామండీ" అంది.

"మీరు వచ్చే ఉన్నారు."

"కాదు. వెళ్తున్నాం. వస్తాం."

ఇద్దరూ వెనుదిరిగారు. గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతే వంతు పోతుంది, సువర్చల ఉద్యోగమూ పోతుంది. తెలిసే నడిచింది. వెనకాల తలుపులు జానెడు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. పైనున్న దీపాలు పచ్చగా, ఎర్రగా, రెండూ ఒకేసారి వెలిగాయి. ఎదుట ఉన్నవాళ్ళు వస్తామంటే ఏం చెయ్యాలో దానికి ఎవరూ నేర్పలేదు.

ఆ తరువాత, ఇన్నేళ్ళలో ఎవరినీ ఏమీ అడగని గుమ్మం నెమ్మదిగా అడిగింది.

"ఎప్పుడొస్తారు?"

సువర్చలకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెనక్కి తిరిగి, కొండ మారుమోగేలా కేకేసింది.

"మా బావగారికి ఊపిరందగానే!"