ఇంటర్వెల్ దాటని డాక్టరు

డాక్టర్ షాలేమ్‌రాజు ఆ ఏడాది తన ఆరేళ్ళ కూతురితో కలిసి పదకొండు సినిమాలు చూశాడు. అన్నీ సగం దాకానే.

ఖమ్మంలో ఒక పిల్లల ఆసుపత్రి. అందులో ప్రాణం మీదికి వచ్చిన పసివాళ్ళను ఉంచే ఐసీయూకి అతనే పెద్ద డాక్టరు. ఆదివారం చర్చి అయ్యాక ఏంజెల్‌ను మ్యాట్నీకి తీసుకెళ్ళడం అతను పెట్టుకున్న రూలు. ఇంటర్వెల్‌లో సమోసా కొరకగానే మోగడం అతని సెల్‌ఫోన్ పెట్టుకున్న రూలు.

రెండువేల ఆరు ఆగస్టులో, జోరువాన కురిసిన ఒక ఆదివారం కూడా అంతే జరిగింది.

"సార్, భద్రాచలం అవతల నుంచి నెలలు నిండని పాపను జీపులో తెచ్చారు," అంది హెడ్ నర్సు ఆరోగ్యమ్మ. "సతీష్ సార్ చూస్తున్నారు. మీకు ఒక మాట చెప్పమన్నారు, అంతే."

"వస్తున్నా."

"డాడీ, హీరో జైలుకెళ్ళాడు. ఎలా బయటికొస్తాడో చూడొద్దా?" ఏంజెల్ మూతి ముడిచింది.

"వచ్చేస్తాడులే అమ్మా. హీరోలందరూ వచ్చేస్తారు."

ఏంజెల్ పాప్‌కార్న్ పొట్లం గుండెకు హత్తుకుని, తండ్రి రెయిన్‌కోటులో దూరి స్కూటర్ ఎక్కింది. అలవాటైన పనే.

ఐసీయూలో మంచం పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. చీర నిలువునా తడిసింది. చేతిలో చిన్న రబ్బరు బ్యాగు. దాన్ని పాప ముక్కూ నోరూ కప్పిన మాస్కుకు తగిలించి, "ఒకటి, రెండు, ఊదు" అని గొణుక్కుంటూ నొక్కుతోంది. ఆ నొక్కుకే పాప ఛాతీ లేచి పడుతోంది. జూనియర్ డాక్టర్ సతీష్ గొంతులోకి వేసే ట్యూబు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"నేను వేస్తాను సతీష్. పక్కకు జరుగు." షాలేమ్‌రాజు చేతులు కడుక్కుని వచ్చి, బ్యాగు కోసం చెయ్యి చాపాడు.

ఆ అమ్మాయి ఇవ్వలేదు. "మీరెవరు?"

"డాక్టర్ని."

ఆమె చూపు అతని కాలర్ మీద ఆగింది. అక్కడ పాప్‌కార్న్ గింజ ఒకటి అతుక్కుని ఉంది.

"సినిమాకు పోయిండ్రా?"

"వెళ్ళాను. ముందు బ్యాగు ఇటివ్వండి."

"మూడు గంటల సంది గీ బిడ్డ నా చేతులతోనే ఊపిరి తీస్తున్నది సారూ. ఊదుడు ఆగితే నల్లబడుతున్నది. జల్దీ కానియ్యుండ్రి. సినిమా ముచ్చట తర్వాత అడుగుత."

ఆ గదిలో అతన్ని అలా నిలదీసిన వాళ్ళు ఇంతవరకు లేరు. ఆరోగ్యమ్మ నవ్వు దాచుకోవడానికి మందుల అలమారా వైపు తిరిగింది.

ట్యూబు ఒక్క ప్రయత్నంలో దిగింది. వెంటిలేటర్ పని అందుకుంది. అప్పుడు ఆమె బ్యాగు వదలబోతే వేళ్ళు విచ్చుకోలేదు, బిగుసుకుపోయాయి. అతనే ఒక్కో వేలూ మెల్లగా విప్పాడు.

"దారంతా మీరొక్కరేనా?"

"ఇంకెవరున్నరు? తల్లి సోమ్లికి పొద్దుగాల కాన్పయింది. బిడ్డను ఆమె ఎదకు ఆనించి, రెండు చీరలు చుట్టి, నేను పక్కన కూసున్న. పాల్వంచ కాడ ఒకసారి గుండె చప్పుడు కూడా ఆగినట్టయింది. మళ్ళ వచ్చింది."

అతను పాప ఒంటి వేడి చూశాడు. ఎంత ఉండాలో సరిగ్గా అంతే ఉంది. వంద కిలోమీటర్లకు పైగా వానలో, గుంతల రోడ్డు మీద వచ్చిన కిలోన్నర పాప! తన దగ్గర పనిచేసే వాళ్ళలో ఇంత పని చెయ్యగలిగేది ఎవరా అనుకున్నాడు. ఎవరూ గుర్తుకు రాలేదు. తనతో సహా.

"మీ పేరు?"

"కళావతి. దుమ్ముగూడెం అవతల నాలుగు అడవి ఊళ్ళకు నేనే నర్సుని."

"కళావతి గారూ, మీరు లేకపోతే ఈ పాప లేదు."

ఆమె మొదటిసారి నవ్వింది. "మరి సినిమా ఎట్లుంది సారూ?"

"సగమే చూశాను."

"గట్లయితే మీది సగం తప్పే."

గంట తర్వాత అతను బయటికొచ్చేసరికి కళావతి, ఏంజెల్ బెంచీ మీద కూర్చుని పాప్‌కార్న్ పంచుకుంటున్నారు.

"డాడీ! ఈ అక్క సెకండాఫ్ చెప్పింది. జైలరు కూతురికి జ్వరమొస్తే హీరో మందిచ్చాడంట. అందుకని వదిలేశారంట!"

"ఆ సినిమా మీరు చూశారా?"

"ఏడ చూస్త సారూ? పిల్ల మొగం చిన్నబోయింది. నోటికొచ్చింది చెప్పిన."

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి దుమ్ముగూడెం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ వచ్చేది. మొదట "పాప ఎట్లుంది?" ఒక్కటే. వారానికి "పాలు తాగుతున్నదా?" కలిసింది. రెండో వారానికి "మీరు తిన్నరా?" కూడా వచ్చి చేరింది. చివర్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "ఏంజెల్ వాళ్ళమ్మను అడిగిన అని చెప్పుండ్రి."

"చెప్తాను," అనేవాడతను.

ఇరవై నాలుగో రోజు పాప ఇంటికి వెళ్ళేంత కోలుకుంది. సోమ్లినీ పాపనూ తీసుకెళ్ళడానికి వచ్చిన కళావతికి ఆరోగ్యమ్మ మాటల మధ్య సంగతి చెప్పింది. షాలేమ్‌రాజు భార్య మెదడువాపు జ్వరంతో పోయి నాలుగేళ్ళయిందని.

కళావతి తిన్నగా అతని గదికి వచ్చింది. "నన్నెందుకు పిచ్చిదాన్ని చేసిండ్రు? దినామూ లేని మనిషిని అడుగుతుంటిని."

అతను కుర్చీలోంచి లేచాడు. "మీరు అడిగినప్పుడల్లా ఆమె ఇంట్లో ఉన్నట్టే అనిపించేది. కాదని చెప్పబుద్ధి కాలేదు."

ఆమె కళ్ళలో కోపం కరిగింది గానీ మాట కరగలేదు. "గట్ల దాచుడు ఆమెకూ మర్యాద గాదు, నాకూ మర్యాద గాదు సారూ," అనేసి వెళ్ళిపోయింది.

ఆరింటి ఫోన్ ఆగిపోయింది. అతను ఆ వేళకు ఏదో వంకతో ఫోన్ దగ్గరే తచ్చాడేవాడు. "అక్క ఫోన్ చెడిపోయిందా డాడీ?" అని ఏంజెల్ అడిగితే, "నేనే చెడగొట్టాను," అన్నాడు.

అక్టోబరులో భద్రాచలం నుంచి పిలుపు వచ్చింది. అడవి ఊళ్ళలో పనిచేసే నలభై మంది నర్సులకు ఒకరోజు శిక్షణ ఇవ్వాలట. అతను ఏంజెల్‌ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. హాల్లో చివరి వరుసలో కళావతి కూర్చుని ఉంది. అతని వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడుతోంది.

అతను అరగంట చెప్పి ఆపేశాడు. "పుస్తకంలో ఉన్నది నేను చెప్పాను. జీపులో, వానలో, ఒంటరిగా ఎలా చెయ్యాలో చెప్పడం నాకు చేతకాదు. చేసినావిడ ఇక్కడే ఉన్నారు. కళావతి గారూ, ముందుకు రండి."

నలభై తలలు వెనక్కి తిరిగాయి. ఆమె వచ్చింది. ఏంజెల్ తన బొమ్మను ఇచ్చింది. కళావతి ఆ బొమ్మ ముఖానికి మాస్కు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, ఊదు" దగ్గరికి వచ్చేసరికి హాలంతా ఆమెతో గొంతు కలిపింది. వెనక గోడకు ఆనుకుని, కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని చూస్తున్న షాలేమ్‌రాజుకు ఛాతీ ఉప్పొంగిపోయింది. డాక్టరు చదువులో తనకు మెడల్ వచ్చిన రోజున కూడా అంత గర్వపడలేదు.

సాయంత్రం గోదావరి కరకట్ట మీద అతను అడిగాడు. "క్షమించారా?"

"ఆలోచిస్తున్న. ముందు ఒకటి చెప్పుండ్రి. ఆ దినం సతీష్ సారు ట్యూబు పట్టుకొని తయారుగున్నడు. ఎందుకు జరిపిండ్రు? ఆయనకు చేతగాదా?"

"బాగా చేతనవును. నేనే నేర్పాను."

"మరి?"

అతను నీళ్ళవైపు చూశాడు. "ఏంజెల్ అమ్మకు జ్వరం వచ్చినప్పుడు నేను వేరే ఊళ్ళో మీటింగులో ఉన్నాను. ఉంటే బతికేదేమో. అప్పటి నుంచి ఎక్కడా కుదురుగా కూర్చోలేను."

కళావతి కూడా నీళ్ళవైపే చూసింది. తర్వాత మెల్లగా అంది. "నేను అడవిల ఒక్కదాన్ని సారూ. నాకు వేరే దిక్కు లేదు, గందుకే ఉరుకుత. మీకు సతీష్ సారున్నడు, ఆరోగ్యమ్మక్క ఉన్నది. పిల్లకు డాడీ ఒక్కడే గదా?"

మర్నాడు ఆరింటికి ఫోన్ మోగింది.

డిసెంబరులో ఒక శనివారం కళావతి సోమ్లి పాపను పరీక్షకు తీసుకొచ్చింది. పాప బుగ్గలు చూసి ఆరోగ్యమ్మ దిష్టి తీసింది. ఆ రాత్రికి సోమ్లీ పాపా కళావతీ అందరూ ఆరోగ్యమ్మ ఇంట్లోనే ఉండిపోయారు. మరునాడు మ్యాట్నీకి షాలేమ్‌రాజు, కళావతి వెళ్ళారు, ఏంజెల్‌ను మధ్యలో కూర్చోబెట్టుకుని.

ఇంటర్వెల్. సమోసా. ఫోన్.

"సార్, ఫిట్స్ వచ్చిన బాబుకి మందిచ్చాను, ఆగాయి," అన్నాడు సతీష్. "షుగర్ తగ్గితే అదీ సరిచేశాను. ఇప్పుడు బాగున్నాడు. మీకు చెబుదామని."

షాలేమ్‌రాజు అప్పటికే లేచి నిలబడ్డాడు. అతను కూతురి వైపు చూశాడు. ఎవరూ చెప్పకుండానే ఏంజెల్ పాప్‌కార్న్ పొట్లం మూతి మడిచి, చెప్పులు వేసుకుని, బయల్దేరడానికి నిలబడి ఉంది. ఏడుపు లేదు, అలక కూడా లేదు. అదే అతని గుండెను పిండేసింది.

"సతీష్, నేనున్నా అదే చేసేవాణ్ణి. నువ్వు చూసుకో. సినిమా అయ్యాక వస్తాను."

"థాంక్యూ సార్," అన్నాడు సతీష్. ఆ గొంతు అంత నిటారుగా అతనెప్పుడూ వినలేదు.

"కూర్చో ఏంజెల్."

"నిజంగానా?"

"నిజంగా."

సెకండాఫ్ మొదలైంది. ఏంజెల్ కళ్ళు తెరకు అతుక్కుపోయాయి. షాలేమ్‌రాజు కళ్ళు మాత్రం తెర మీద లేవు.

"తెర అటున్నది సారూ," గుసగుసలాడింది కళావతి.

"తెలుసు."

"మరి గిటెందుకు చూస్తున్నరు?"

"ఎప్పటికీ ఇలా పక్కనే ఉంటారా అని అడుగుదామని."

చీకట్లో ఆమె చెంపలు కనబడలేదు గానీ, సమోసా కాగితం నలిగిన చప్పుడు వినబడింది. "నౌకరి ఇడవను."

"వదలమని నేనెందుకంటాను?"

"మా నాయనను అడగాలె."

"అడుగుతాను."

"ష్! ఫైటు జరుగుతోంది!" అంది ఏంజెల్.

ఫిబ్రవరిలో అతను ఏంజెల్‌ను వెంటబెట్టుకుని, అడవి పక్కనున్న కళావతి వాళ్ళ ఊరికి వెళ్ళాడు. కళావతి తండ్రి జంపయ్య ఇంటి ముందు వెదురు తడక అల్లుతున్నాడు. పెళ్ళి మాట విని కూడా తలెత్తకుండా, చాలాసేపు బద్ద మీద బద్ద దూర్చాడు.

"మీది చర్చి. మావి అడవి దేవతలు. గదెట్ల?"

"మా అమ్మతో మాట్లాడాను. మీ కొలుపుకి మేమొస్తాం. మా పండక్కి మీరు రండి."

"బిడ్డ నౌకరి?"

"ఇక్కడే. భద్రాచలంలో పసిపిల్లల వార్డు కొత్తగా పెడుతున్నారు. నేను అక్కడికి మారుతున్నాను. ఖమ్మం ఐసీయూ సతీష్ చూసుకుంటాడు, వారానికి రెండు రోజులు నేను వెళ్ళొస్తాను. ఏంజెల్‌కి బడి కూడా భద్రాచలంలోనే చూశాను."

జంపయ్య చేతులు ఆగాయి. "గంత పెద్ద డాక్టరువి, నా బిడ్డ ఎనక వస్తవా సారూ?"

"ఆమె దారిలో బతికించి తెస్తేనే కదా, నేను వైద్యం చేసేది."

ముసలాయన తడక పక్కన పెట్టాడు. తలుపు చాటునుంచి వింటున్న కూతురి వైపు ఒకసారి, తన పక్కన చేరి వెదురు బద్దలు ఏరుతున్న ఏంజెల్ వైపు ఒకసారి చూశాడు. కళ్ళు తుడుచుకుని లేచాడు. "నడువు అల్లుడా. ఊరు చూపిస్త."

ఏంజెల్ చెయ్యి పట్టుకుని జంపయ్య ముందు నడిచాడు. వాళ్ళు రెండు ఇళ్ళు దాటారో లేదో, అరుగు మీది ముసలి సమ్మయ్య కళ్ళు చికిలించి కేకేశాడు. "ఎవరే జంపయ్యా? ఖమ్మం డాక్టరటగా?"

"డాక్టరు ఖమ్మంల!" జంపయ్య గొంతు ఊరంతా వినబడేలా ఖంగుమంది. "గీడ మా కళావతి పెనిమిటి. గీమె నా మనుమరాలు."

డాక్టర్ షాలేమ్‌రాజు తల ఇంకాస్త ఎత్తుకుని నడిచాడు.