బోర్నియో గుహలో మార్తాండ్

ఇస్తాంబుల్‌లో మార్తాండ్ ఖాళీ చేసి పారిపోయిన గదిలో గజపతి పరుపు చీల్చగానే పట్టు రుమాలొకటి జారిపడింది. దానిమీద నల్లసిరాతో ఒక నది, జంట కొండలు, వాటి నడుమ గుహ, మూలన బోర్నియో సుల్తాను ముద్ర.

"బోర్నియో!" అని అరిచింది యామిని. "సుల్తాను నగలు దాచిన చోటు! ఈ పటం కోసమే వాడు ముకుంద్‌ని చంపాడు. దారి వాడికి ఈపాటికి కంఠతా వచ్చి ఉంటుంది."

ఆ పేరు వినగానే గజపతి మొహం తిప్పుకున్నాడు.

నలుగురూ ఒకే గూఢచారి దళంలో పనిచేసినవాళ్ళు. మార్తాండ్ శత్రువులకు అమ్ముడుపోయి, లిస్బన్ రేవులో ముకుంద్ వెన్నులో తూటా దింపాడు. ముకుంద్ గజపతికి ప్రాణస్నేహితుడు, యామినికి కాబోయే భర్త. ఆమెను గజపతి కూడా ప్రేమించాడు. ఆ సంగతి ఏనాడూ పెదవి దాటనివ్వలేదు.

లిస్బన్ నుంచి జాంజిబార్, అక్కడినుంచి ఇస్తాంబుల్ దాకా తరిమిన పగ ఇప్పుడు గజపతినీ యామినినీ బోర్నియో అడవిలోకి తోసింది. వాన ఆగడం లేదు. జలగలు పిక్కలు పట్టుకు వేలాడుతున్నాయి.

"ముకుంద్ అయితే ఈ వాగు ఒక్క గెంతులో దాటేవాడు," అంది యామిని.

గజపతి గుండెలో నిప్పు రాజుకుంది. బతికున్నవాడితో పోటీపడి గెలవచ్చు. చచ్చినవాడు తప్పు చేయడు, ముసలివాడు కాడు. వాడినెలా ఓడించడం?

గుహలో అడుగుపెట్టగానే గబ్బిలాలు గుంపులుగా లేచాయి. లోపల అగాధం, దాని అడుగున వరదనీటి హోరు. అంచున నగలపెట్టె ముందు మార్తాండ్!

"ఆగు!" అంటూ యామిని ముందుకురికింది. వాడి తుపాకీ పేలింది. గురి తప్పింది. గజపతి పులిలా దూకి వాడిని గుద్దాడు. అంచురాయి విరిగింది. పెట్టె అగాధంలోకి దొర్లిపోయింది. దానివెంట జారిన మార్తాండ్ మణికట్టు గజపతి చేతికి చిక్కింది.

"వదిలెయ్, గజపతీ! చావనీ వాణ్ణి!" యామిని వెనకనుంచి కేకపెట్టింది.

మార్తాండ్ తలెత్తి, ఆ హోరులో ఆమెకు వినపడకుండా అన్నాడు: "ఒరేయ్, నువ్వు నాకు దండం పెట్టాలిరా. నీ అడ్డు తొలగించింది నేనే కదా!"

 లిస్బన్ కబురు విన్న రోజున గజపతి, కుమిలి ఏడుస్తూనే, మనసు మూలన తనూ అదే అనుకున్నాడు. వేళ్ళు సడలించాడా, ఆ మాట వీడితోపాటే నీళ్ళపాలవుతుంది.

పళ్ళు బిగించి, రెండు చేతులా వాడిని పైకి లాగాడు.

"ఎందుకు లాగావ్?" యామిని కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇంతదూరం వచ్చింది ఇందుకా?"

"ముకుంద్ చావుకి వీడు నలుగురి ముందు నిలబడి జవాబు చెప్పాలి. ఇక్కడ వదిలేస్తే తీరేది ముకుంద్ పగ కాదు, నా అవసరం."

వరద అంచుదాకా ఎగదన్నుతోంది. బందీ చేతులు కట్టి ముగ్గురూ బయటికి పరుగుతీశారు. వెనక గుహంతా నీళ్ళతో నిండిపోయింది.

గజపతి చివర అన్న మాటలు యామినికి అర్థం కాలేదు. మార్తాండ్‌కి అర్థమయ్యాయి.