ఏడో గదిలో వేడి

గుర్రాలక్కకి యాభై మూడేళ్ళు. పడుకునే ముందు ప్రతి గుర్రం కాళ్ళూ ఒట్టి చేత్తో తడిమి చూస్తుంది. ఎక్కడైనా వేడి తగిలిందంటే లోపల దెబ్బ ఉన్నట్టే.

ఆ గుర్రాల కొట్టంలో గదులు ఏడు. ఏడో గదికి చెడ్డపేరు.

రాత్రిపూట అటు వెళ్ళినవాళ్ళకి డెక్కల చప్పుడు వినిపిస్తుందట. టక్... టక్... టక్... నాలుగో అడుగు పడాల్సిన చోట — ఏమీ ఉండదు. మళ్ళీ మూడు. మళ్ళీ ఖాళీ.

మొదట్లో జనం ఆ గదిలో జుట్టు విరబోసుకున్న ఆడదాన్ని కూర్చోబెట్టారు. దెయ్యమంటే ఆడదే అయ్యుండాలని మనవాళ్ళకో పట్టుదల. బతికున్నన్నాళ్ళూ గడప దాటనివ్వరు కానీ, చచ్చాక మాత్రం ఊరంతా తిరిగే స్వేచ్ఛ ఇచ్చేస్తారు. ఈసారి వాళ్ళ అంచనా తప్పింది. ఆ గదిలో చచ్చింది నల్లోడనే మగగుర్రం.

ఆ సంగతి గుర్రాలక్కకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. అప్పట్లో ఆ కొట్టం పందేల యజమానిది. ఆమె అందులో మేత పెట్టి, మాలీసు చేసే మనిషి. ఒక పందేనికి ముందురోజు రాత్రి నల్లోడి ముందు ఎడమ కాలు, మోకాలి కింద, చేతికి వేడిగా తగిలింది. వెంటనే వెళ్ళి చెప్పింది.

యజమాని నవ్వాడు. "కాలు వేడిగా లేదు, నీ చెయ్యే చల్లగా ఉందేమో. అంట్లు తోముకుని వచ్చావా?"

చుట్టూ ఉన్న మగవాళ్ళు నవ్వారు. గుర్రాల డాక్టరు కూడా నవ్వాడు. ఆడదాని చెయ్యి అంట్లు తోమితే శుభ్రమేనని ఒప్పుకుంటారు. ఎముక సంగతి చెబితే మాత్రం నవ్వొస్తుంది.

కాలికి కట్టు కట్టమన్నారు. ఆమే కట్టింది. ఇన్నేళ్ళుగా ఆమెకి గొంతులో ముల్లులా మిగిలింది అదే.

నల్లోడు పందెం మధ్యలో కూలిపోయాడు. మూడు కాళ్ళమీద వచ్చి ఏడో గదిలో నిలబడ్డాడు. తెల్లారేలోపు డాక్టరు సూది వేశాడు. ఆ గది తలుపుకి అడ్డంగా రెండు చెక్కలు కొట్టేశారు.

తరవాత యజమాని కొత్త కొట్టాలు కట్టుకుని పోయాడు. పాతది గుర్రాలక్క తీసుకుంది, పందేలు మానేసిన గుర్రాల కోసం.

పరుగు మానేసిన గుర్రానికి బతకడం మళ్ళీ నేర్పాలి. పచ్చికలో వదిలితే బిత్తరపోతుంది. పందేల్లో అలవాటైనట్టు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది, కుడికి తిప్పితే కాళ్ళు తడబడతాయి. తెల్లవారుజామునే లేచి, ఎవరో తోలుకెళ్తారని తలుపు దగ్గర నిలబడుతుంది. కొన్నయితే నేలమీద పడుకోవు. పడుకోవాలంటే చుట్టూ ఉన్నవాళ్ళమీద నమ్మకం ఉండాలి కదా. అవన్నీ కుదురుకున్నాకే గుర్రాలక్క వాటికి మంచి ఇల్లు వెతికి పంపుతుంది — పిల్లనిచ్చేవాళ్ళు చేసే వాకబుకి పదింతలు చేసి.

ఆరో గదిలో చుక్క ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడగుర్రం. దాన్ని వదిలేసిందీ ఆ యజమానే. తొమ్మిది నెలల్లో అది ఒక్కసారి పడుకోవడం ఎవరూ చూడలేదు. కుడికి తిరగడం మాత్రం పోయిన వారమే నేర్చుకుంది. పెద్ద దొడ్డి ఉన్న ఒక టీచరమ్మ దాన్ని తీసుకెళ్తానని మాటిచ్చింది.

అంతలో యజమాని నుంచి కబురు. చుక్కని ఇంకొక్క పందెంలో పరిగెత్తిస్తాడట. పొద్దున్నే లారీ వస్తుంది.

కాగితాల ప్రకారం అతనికి హక్కుంది. ఆపేది ఒక్కటే — కాలు బాగాలేదని గుర్రాన్ని చూసుకునే మనిషిగా గుర్రాలక్క రాసిస్తే, పందేల నియమం ప్రకారం ఎక్స్‌రే తియ్యకుండా దాన్ని కదపకూడదు.

"రాసి పారెయ్యవే అమ్మాయ్," అన్నాడు ముసలి వాచ్‌మన్. "నీ సొమ్మేం పోయింది?"

"నాలుగు కాళ్ళూ చల్లగా ఉన్నాయి బాబాయ్. సాయంత్రమే చూశాను."

"నువ్వూ నీ సత్యమూ. గుర్రం వచ్చి చదువుతుందా ఏంటి?"

"ఆ రోజు నిజం చెబితేనే నవ్వారు. ఇవాళ అబద్ధం రాస్తే ఈ చేతికి ఇంక విలువేముంది?"

ఆ రాత్రి కరెంటు పోయింది.

గుర్రాలక్క దీపం తీసుకోలేదు. ఆ కొట్టంలో ఆమెకి దీపంతో పనిలేదు. గోడ పట్టుకుని మొదటి గది నుంచి మొదలుపెట్టింది. చల్లగా ఉన్నాయి. రెండో గది... మూడు... నాలుగు... అయిదు. అన్నీ చల్లగానే ఉన్నాయి.

తరవాతి తలుపు దగ్గర చెయ్యి చాపింది. ఏమీ తగల్లేదు. ఆరో గది ఇంకా రాలేదనుకుని మరో తలుపు దాకా నడిచింది.

అక్కడ గుర్రం నిలబడి ఉంది.

"చుక్కా... నేనేనే," అని గుసగుసగా పలకరించి వంగింది. ముందు కుడి కాలు... చల్లగా ఉంది. వెనక కాళ్ళు... చల్లగా. ముందు ఎడమ కాలు...

చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

మళ్ళీ పెట్టింది. మోకాలి కింద... పొయ్యిమీంచి దించిన గిన్నెలా కాలిపోతోంది.

గుర్రం తలవంచి ఆమె మెడమీద ముట్టె ఆనించింది. వదిలే ఊపిరి మాత్రం — మంచులా ఉంది.

ఆమెకి భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. అబద్ధం ఆడక్కర్లేదు. గబగబా పరిగెత్తి వాచ్‌మన్‌ని లేపింది. "బాబాయ్, లాంతరు తే. చుక్క కాలు వేడిగా ఉంది."

ఆయన లాంతరుతో వచ్చి, ఆరో గది ముందు ఆగిపోయాడు. "నిజంగానే చూశావా అమ్మాయ్?"

చుక్క గడ్డిమీద ఒరిగి, కాళ్ళు బారజాపి — నిద్రపోతోంది. తొమ్మిది నెలల్లో మొదటిసారి.

గుర్రాలక్క వంగి దాని ఎడమ కాలు తడిమింది. చల్లగా ఉంది.

ఇద్దరూ మెల్లగా అటు తిరిగారు. లాంతరు వెలుగు పక్క తలుపుమీద పడింది. అడ్డంగా రెండు చెక్కలు. తుప్పు పట్టిన మేకులు. చెక్కల మధ్య సాలెగూడు... పోగు కూడా తెగలేదు.

"పోదాం పద..." అన్నాడు ముసలాయన, లాంతరు వెనక్కి తిప్పుతూ.

ఆమె కదల్లేదు. ఆమె అరచెయ్యి ఇంకా వేడిగానే ఉంది.

పొద్దున్నే లారీతో పాటు యజమాని దిగాడు. గుర్రాలక్క కాగితం చేతికిచ్చింది. ముందు ఎడమ కాలు, మోకాలి కింద వేడి. నా చేత్తో చూశాను. కింద సంతకం.

ఏ గుర్రానిదో రాయలేదు. అతను అడగలేదు.

యజమాని వంగి చుక్క కాలు పట్టుకుని చూశాడు. "చల్లగానే ఉందిగా?"

"మీ చెయ్యే వేడిగా ఉందేమో సార్," అంది గుర్రాలక్క.

ఎక్స్‌రే తీశారు. ముందు ఎడమ కాలి ఎముకలో, మోకాలి కింద, వెంట్రుకంత పగులు ఉంది. పైకి వేడి గానీ వాపు గానీ ఇంకా రాలేదట. పందెంలో పరిగెత్తి ఉంటే సగం దూరంలో విరిగేదని డాక్టరు చెప్పాడు. ఈసారి నవ్వలేదు.

లారీ ఖాళీగా వెళ్ళింది. ఎముక అతుక్కున్నాక చుక్క టీచరమ్మ దొడ్డికి చేరింది.

గుర్రాలక్క ఏడో గది చెక్కలు పీకేయించింది. ఇప్పుడు కొట్టంలో ఉన్నవి అయిదు గుర్రాలు. రోజూ రాత్రి ఆమె ఇరవైనాలుగు కాళ్ళు తడిమి పడుకుంటుంది.