మెరిసిన రాగి కాసు

వాన వెలిసిన పొద్దున, అబీద్ సెంటర్‌లో మొబైల్ షాపు మీదున్న చిన్న ఆఫీసులో ధర్మతేజ వేడి పునుగుల పొట్లం విప్పుతుండగా ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. గదిలోకి వచ్చాక కూడా గొడుగు ముడవడం మరిచిపోయాడు.

"డిటెక్టివ్ గారున్నారా బాబూ?"

"నేనే. కూర్చోండి మాస్టారూ," అంది పుష్పవతి. ఆయన జేబులోని ఎర్ర పెన్నూ నీలం పెన్నూ ధర్మతేజకీ కనిపించాయి, కాకపోతే ఆమె 'మాస్టారూ' అన్నాక. ఈ అసిస్టెంటు ఉద్యోగం అతనికి పెళ్ళితోపాటే వచ్చింది. భార్య "నేనే" అన్నప్పుడల్లా అతనికి లోపల చిన్న పండగ.

పెద్దాయన పేరు జ్ఞానానందం. నాతవరం హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యాడు. ఒక రేకు డబ్బా, పక్కన మడిచిన కాగితం బల్ల మీద పెట్టాడు.

"నా కాసు మార్చేశారమ్మా. భీమిలిలో డచ్చివాళ్ళున్న నాటి రాగి కాసు. మా నాన్న జీడితోటలో గొయ్యి తీస్తుంటే దొరికింది. ముదురు కాఫీ రంగు. ఇప్పుడు చూడండి!"

డబ్బాలో, గులాబీ గుడ్డ ముక్కలో కాసు కొత్త రాగి చెంబులా ఎర్రగా ఉంది. అక్షరాల సందుల్లో మాత్రం పచ్చని చుక్కలు గట్టిగా పేరుకున్నాయి.

"ఎవరి మీద అనుమానం?"

"కిరణ్ బాబు. నా భార్య లీల చెల్లెలి కొడుకు. మేమే పెంచాం. నాణేలు చూడడం నేనే నేర్పాను. లీల పోయాక నేను నాణేల బీరువా ముట్టలేదు. పోయిన ఆదివారం వాడొచ్చి నాణేలు చూస్తానంటే తాళాలిచ్చాను. నిన్న డబ్బా తీస్తే ఇలా ఉంది. అభ్యంతరాలుంటే చెప్పమని చర్చిలో వాడి పెళ్ళి ప్రకటనలు చదువుతున్నారు. సాయంత్రంలోగా వాడు కాదని మీరు తేల్చకపోతే ఈ కంప్లయింటు కాగితం స్టేషన్లో ఇచ్చేస్తాను."

ధర్మతేజ పునుగుల పొట్లం మళ్ళీ కట్టేశాడు. కంప్లయింటు వెళితే ఆ పెళ్ళి ఆగినట్టే.

మాస్టారి ఇంట్లో లీల ఫొటో పక్కన మేకుకి తాళాల గుత్తి వేలాడుతోంది.

"అమ్మగారు ఉన్నప్పుడు గుత్తి ఎక్కడుండేది?" అంది పుష్పవతి.

"మంచాన పడ్డాక దిండు కింద," అన్నాడు మాస్టారు.

రావికమతం నుంచి కబురందుకుని వచ్చిన కిరణ్ బాబు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఎప్పుడూ చెప్పులు విడిచి సరాసరి వంటింట్లోకి వెళ్ళే కుర్రాడట.

"ఆదివారం ఏం చూశావు?" అని అడిగింది పుష్పవతి.

"వెండి రూపాయల ఆల్బమండీ. ఈ డబ్బా తీయలేదు. పెద్దమ్మ పోయాక దాన్ని ముందు పెదనాన్నే తీయాలనిపించింది."

"పాత రాగి కాసుని ఎలా శుభ్రం చేస్తారు?"

"చెయ్యకూడదండీ! ఆ ముదురు రంగే దాని వయసు. పెదనాన్న చెప్పిన మొదటి పాఠం అదే."

పనిచేసే లోవలక్ష్మి టీ తెచ్చింది. పుష్పవతి ఆమెకి గులాబీ గుడ్డ చూపించింది.

"ఇది అమ్మగారి జాకెట్టు గుడ్డ కదేటి! ఎక్కడిదండీ?"

"అమ్మగారు ఇత్తడి, రాగి తోమేవారా?"

"శనివారం శనివారం చర్చి పళ్ళేలు సింతపండెట్టి తోమీవోరు. మొకం కనబడాల! మంచాన పడ్డాక పళ్ళేలు వేరేవోళ్ళింటికెళ్ళిపోనాయి. అయినా ఓపాలి, 'లచ్చిమీ, గిన్నెలో కొంచెం సింతపండు నానబెట్టి బేగి తే' అన్నారు. 'ఇప్పుడేటి తోముతారమ్మా' అంటే నవ్వీసినారు."

పుష్పవతి అందరినీ హాల్లో కూర్చోమంది. మాస్టారి ఫోన్లోని కాసు పాత ఫొటోని పెద్దది చేసి, డబ్బాలోని కాసునీ భూతద్దాన్నీ ఆయన చేతిలో పెట్టింది.

"అంచు చూడండి మాస్టారూ."

ఆయన చాలాసేపు చూశాడు. "గునపం దెబ్బ... లోపలికి పోయిన గీత కూడా అదే. ఇది నా కాసే!"

"రంగు చూడగానే మీరు ఇంకేమీ చూడలేదు. ఎవరూ మార్చలేదు. దీన్ని తోమారు. చింతపండు సందుల్లో ఉండిపోయి ఇలా పచ్చబడింది. ఆదివారం తోమి ఉంటే ఇంత గట్టిగా పట్టదు. పైగా కిరణ్‌కి ఆ మొదటి పాఠం వచ్చు. ఆ పాఠం రానివారు, తాళాలు దిండు కింద ఉన్నవారు, పళ్ళేలు లేకపోయినా చింతపండు అడిగినవారు ఒక్కరే. తోమి, తన జాకెట్టు గుడ్డలో చుట్టి పెట్టారు."

టీ కప్పుల మీద మీగడ కట్టింది.

"ఎందుకు?" అన్నాడు మాస్టారు, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా.

"అది మీరే చెప్పాలి. ఈ కాసు గురించి ఆవిడతో చివరిసారి ఏమన్నారు?"

ఆయన ఫొటో వైపు తిరిగాడు. "విశాఖలో నాణేల ప్రదర్శన ఉందన్నాను. అందరి కళ్ళూ దీని మీదే ఉంటాయి లీలా, అన్నాను." అరచేతిలో కాసుని తిప్పి, "ముట్టుకోవద్దని ఎన్నోసార్లు చెప్పాను. ఎందుకు ముట్టుకోకూడదో ఒక్కసారీ చెప్పలేదు," అన్నాడు.

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి కిరణ్ చేతిలో పెట్టాడు. "ఒరేయ్, నన్ను..."

"ఊరుకో పెదనాన్నా. నీకు కళ్ళద్దాలు మార్చాలి, అంతే," అన్నాడు కిరణ్. నవ్వబోయాడు గానీ కన్నీళ్ళే వచ్చాయి.

పుష్పవతి మెల్లగా అంది: "ఆ పులుపు ఉంటే కాసుని తినేస్తుంది మాస్టారూ. మంచం మీంచి లేవలేక ఆవిడ సరిగా కడగలేకపోయినట్టున్నారు."

లోవలక్ష్మి చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండి బాబుగారూ, నేను కడిగీస్తాను."

"వద్దమ్మా," అంటూ ఆయన లేచాడు. పెరట్లో కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, వేలికొసతో అక్షరం అక్షరం రుద్దుతూ, తనలో తనే అనుకున్నట్టు అన్నాడు:

"ఆవిడ తోమింది. కడగడం నా వంతు."